తువాల కింద బొటనవేలు

ఎద్దు నోట్లో చెయ్యి పెట్టి పళ్ళు లెక్కపెట్టాను. పాలపళ్ళు ఊడి మొలిచిన పెద్దవి నాలుగే తగిలాయి. ఇంకా ఉండాలే అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. కానీ నాకు అనుమానం వచ్చిందని సంతలో ఎవరికీ తెలియనివ్వను. కళ్ళతో చూడకుండా బొటనవేలితోనే పశువు వయసు చెప్తానని తాండూరు సంతలో నాకు పేరు. నాలుగు పళ్ళంటే మంచి వయసు. ఆరైతే ధర దిగుతుంది.

కొత్త పైసలు చలామణిలోకి వచ్చిన ఏడాది అది. నా పేరు మల్లయ్య, పశువుల దళారిని. ఆ రోజు అమ్మేవాడి తరఫున నేను, కొనేవాడి తరఫున సేడం దిక్కు నుంచి వచ్చే కన్నడ మనిషి బసప్ప. ఇరవై ఏళ్ళుగా ఒకరినొకరు తిట్టుకుంటూ బతికినవాళ్ళం.

మా బేరాలు నోటితో జరగవు. ఇద్దరం చేతులు కలిపి, పైన తువాల కప్పి, చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియకుండా వేళ్ళతో మాట్లాడుకుంటాం. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత. ముందు పళ్ళ లెక్క తేలాలి, ఆ తర్వాతే ధర. సరే అనాలంటే బొటనవేలితో గట్టిగా ఒత్తాలి, కాదంటే గోటితో ఒక గీత గీకాలి. బసప్ప నా ఐదు వేళ్ళు పట్టి, వదిలి, మళ్ళీ ఒకటి పట్టాడు. ఆరు. నేను గీకాను. మళ్ళీ ఆరన్నాడు. మళ్ళీ గీకాను. మూడోసారి గీకబోతే నా చెయ్యి నా చెయ్యి కాకుండా పోయింది. తువాల కిందినుంచి జారి కింద వేలాడింది.

"ఏనో మల్లిగా, కోపమొచ్చిందా?" అన్నాడు బసప్ప. నేను బేరం తెంపుకున్నాననుకున్నాడు. జవాబిద్దామంటే నోరు ఒక పక్కకు గుంజుకుపోయింది. అంతే, ఎద్దు కాళ్ళ దగ్గరే పడిపోయాను.

ఇదంతా నేను చెప్తుంటే నా బిడ్డ యాదమ్మ రాస్తున్నది. నా మాటలను బడి తెలుగులోకి మార్చి రాస్తున్నది. అది నాకు నచ్చడం లేదు, కానీ రాసే చెయ్యి ఆమెది కాబట్టి ఊరుకుంటున్నాను.

రైలు డబ్బాలో గోనెసంచుల మీద పడుకోబెట్టి వికారాబాద్ తీసుకుపోయారు. ధారూర్ స్టేషన్‌లో బండి ఆగడం, శెనక్కాయలమ్మే మనిషి అరుపు, మా అన్న బుచ్చయ్య ఏడుపు, అన్నీ వినబడ్డాయి. ఏడవకు అని చెప్పలేకపోయాను. కాళ్ళు చేతులు కదలవు, మెడ కదలదు, గుటక పడదు. నోరు పడిపోయింది గానీ నేను పడిపోలేదు. లోపల మొత్తం ఉన్నాను.

ఆసుపత్రిలో డాక్టర్ సాబ్ పాదాల మీద సూదితో గుచ్చాడు, కళ్ళల్లోకి టార్చి కొట్టాడు. మర్నాడు నన్ను పక్కకు తిప్పి వెన్నులోంచి నీళ్ళు తీశారు. దాన్ని లంబార్ పంక్చర్ అన్నారు. నొప్పి నాకు పూర్తిగా తెలిసింది, అరవడమే చేతకాలేదు.

"బీపీ చాలా హై. ఇది స్ట్రోక్. కంప్లీట్ పారలిసిస్," అన్నాడు డాక్టర్. నా మీదికి వంగి, "కళ్ళు మూయి," అన్నాడు. మూశాను. "మళ్ళీ మూయి," అన్నాడు. అప్పటికే అలసిపోయి రెప్ప సగంలో ఆగింది. "రిఫ్లెక్స్ కావచ్చు. తెలివి ఉందో లేదో ఇప్పుడే చెప్పలేం. మీరు మాత్రం ఈయనతో మాట్లాడుతూ ఉండండి," అన్నాడు.

మా అన్న ఆ మాటల్లో సగమే మోసుకుని బయటికి పోయాడు. "తెలివి లేదంట," అని అందరికీ చెప్పాడు. ఆ రోజు నుంచి నాతో ఎవరూ మాట్లాడలేదు. నా గురించి మాత్రం మాట్లాడుకున్నారు.

ముక్కులోంచి కడుపులోకి ఒక రబ్బరు పైపు వేశారు, రైల్స్ ట్యూబ్ అంటారు. అందులోంచి గంజి పోయడం, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం నా భార్య నర్సమ్మకు నేర్పి, నెల తిరిగాక ఇంటికి పంపారు.

ఇంట్లో నా మంచం గోడవైపు వేశారు. సంతల వెంట తిరిగే మనిషికి గోడ! ముక్కు మీద ఈగ వాలితే దాని దయ ఎప్పుడొస్తుందా అని చూడటమే పని. వీపు మీద బెడ్ సోర్స్ లేచాయి. చూడవచ్చినవాళ్ళు తలుపు దగ్గరే నిలబడి, "ఎంత మంచోడుండె," అనేవాళ్ళు. ఉండె ఏమిటి, ఉన్నాను కదా! లోపల తిట్టీ తిట్టీ నాకు తెలిసిన తిట్లన్నీ అయిపోయాయి.

ఒక పొద్దున ఈగ కుడిచేతి మీద వాలింది. బొటనవేలు కదిలింది. నిజమా అని మళ్ళీ ప్రయత్నిస్తే మళ్ళీ కదిలింది. ఏ వేలు ముందు మొద్దుబారిందో ఆ వేలే ముందు లేచింది. నర్సమ్మ వచ్చి చెయ్యి పట్టుకోగానే ఆమె అరచేతిని గీకాను, గీకుతూనే ఉన్నాను.

"అయ్యో, ఈడ్పులొస్తున్నయి," అని ఆమె వేడి ఆముదం రాసి, గుడ్డ చుట్టి, నా చేతిని గట్టిగా కట్టేసింది. ప్రేమతోనే కట్టింది. కానీ నాకున్న ఒక్క నోరూ అలా మూసేసింది. రోజూ గుడ్డ విప్పి నూనె రాసేది, వేలు కదలగానే మళ్ళీ కట్టేది. ఆ రోజుల్లో నర్సమ్మ మీద వచ్చినంత కోపం నాకు బసప్ప మీద కూడా ఎప్పుడూ రాలేదు.

ఇంతలో ఒక రోజు పొద్దున దగ్గు తెరలో పైపు ఊడి బయటికి వచ్చింది. కొత్తది వెయ్యడానికి తాండూరు కంపౌండర్ మధ్యాహ్నం రావాలి. మా అన్న నర్సమ్మను పిలిచాడు, నా మంచం పక్కనే.

"ఇగ పైపు ఏపియ్యొద్దు, నర్సమ్మా. తెలివి లేని పాణాన్ని ఎన్ని దినాలు పరేషాన్ జేస్తం? కంపౌండర్‌కు రావొద్దని మనిషిని తోలుత."

"నువ్వెట్లంటే గట్ల, బావా," అంది నర్సమ్మ. ఆమె గొంతు నాకు తెలుసు. అది ఒప్పుకున్న గొంతు కాదు, అలసిపోయిన గొంతు.

నన్ను మంచం మీదినుంచి నేల మీదికి దింపారు. మా ఊళ్ళల్లో మనిషిని ఎప్పుడు దింపుతారో మీకు తెలుసు. నాకు చచ్చేంత భయం వేసింది. ఆకలితో చావడానికి ఎన్ని రోజులు పడుతుందో అని లెక్కపెట్టుకున్నాను.

కడసారి చూపుకని గంటలోపే వచ్చినవాళ్ళలో, సంతకు పోతూ దారిలో కబురు విన్న బసప్ప ఉన్నాడు. అందరిలా తలుపు దగ్గర ఆగలేదు. నేరుగా వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"గీ చెయ్యెందుకు కట్టిన్రు? దళారి చెయ్యి ఎవరన్న కడతరా?" అని గుడ్డ విప్పేశాడు. భుజం మీది తువాల తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పాడు. అతని కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. "బేరం నడుమల ఇడిసి పోతవా, మల్లిగా? ఒప్పుకొని పో." ఐదు వేళ్ళు పట్టాడు, వదిలి ఒకటి పట్టాడు. ఆరు.

నేను గీకాను.

బసప్ప ఏడుపు ఆగిపోయింది. మళ్ళీ ఆరన్నాడు. మళ్ళీ గీకాను. ఈసారి నెమ్మదిగా నాలుగు వేళ్ళు పట్టాడు. ఉన్న బలమంతా పెట్టి ఒత్తాను.

తువాల విసిరేసి లేచి నిలబడ్డాడు. "బద్మాష్ గాడు! ఇంకా నాలుగే అంటుండు! ఓ నర్సక్కా, నీ పెనిమిటికి తెలివి లేదన్నదెవరు? తెలివే గాదు, మొండితనం గూడ ఉన్నది!"

ఎవరూ నమ్మలేదు. నర్సమ్మ మాత్రం వచ్చి కూర్చుంది. "నాకు నేర్పు, బసప్పన్నా," అంది. అతను నేర్పాడు. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "పైపు ఏపియ్యాల్నా?"

ఒత్తాను. ఆమె చెయ్యి లాక్కోబోయినా వదలకుండా ఒత్తాను.

మా అన్న చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తాడు, తాను తోలిన మనిషి కంపౌండర్‌ను చేరకముందే పట్టుకోవడానికి. నర్సమ్మ నా మొహం దగ్గరికి వంగి, "ఇన్ని దినాలు అంత ఇన్నవా?" అని అడిగింది. ఒత్తాను. ఆమె నా చేతిని కళ్ళకద్దుకుని ఏడ్చింది. నా కోపం అక్కడితో పోయింది.

తర్వాత అంతా సాఫీగా జరిగిందనుకోకండి. వానాకాలంలో నిమోనియా వచ్చి మళ్ళీ వికారాబాద్ పోయాను, పెన్సిలిన్ ఇంజెక్షన్లతో తొడలు రాయిలా అయ్యాయి. అప్పుడు అదే డాక్టర్ నా బొటనవేలు పట్టుకుని పది ప్రశ్నలడిగి, "ఫుల్లీ కాన్షస్," అని కాగితం మీద రాసి, కింద గీత కూడా గీశాడు. "ఎక్సర్‌సైజ్ ఆపొద్దు. రోజూ కూర్చోబెట్టండి," అన్నాడు. ఆరు నెలలకు గుటక పడింది, మొదట మింగింది జొన్న అంబలి. ఏడాదికి మాట వచ్చింది, నోట్లో గులకరాళ్ళు వేసుకున్నట్టు. రెండో ఏడాది కర్ర పట్టుకుని నిలబడ్డాను.

ఇప్పుడు ఎడమ చెయ్యి పనికిరాదు. ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాదు, అందుకని సంత రోజు బండి మీద తాండూరు తీసుకుపోతారు. నా మాట అర్థం కాకపోయినా ఫికర్ లేదు. తువాల కింద నేను ఇప్పటికీ గట్టివాణ్ణే.

మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే, తెలివి లేదని ఎవరు చెప్పినా, రోజుకోసారి దగ్గర కూర్చోండి. చెయ్యి కట్టి ఉంటే విప్పండి. ఒక్కో వేలూ, కనురెప్పా కదులుతుందేమో చూడండి. అవును, కాదు అని చెప్పగలిగే ప్రశ్న ఒకటి అడిగి, నూరు లెక్కపెట్టేదాకా ఆగండి. మేము నెమ్మదిగా వస్తాం.

బసప్ప ఆ ఎద్దు సంగతి ఇంకా వదల్లేదు. నేను కోలుకున్నాక దాన్ని కొన్నవాడి ఇంటికి నన్ను తీసుకుపోయి దాని నోరు తెరిచి చూపించాడు. అప్పటికి పళ్ళన్నీ వచ్చేశాయి కాబట్టి ఏమీ తేలదని వాదించాను. ఇన్నేళ్ళూ అదే వాదిస్తున్నాను. కానీ సంతలో ఆ పొద్దున నా వేలికి అప్పుడే స్పర్శ పోతున్నది. అందుకే రెండు పళ్ళు తగల్లేదు. జబ్బు మొదలైంది ఆ లెక్కలోనే.

"ఇది గూడ రాయాల్నా, నాయినా? బసప్ప మామ సదివిచ్చుకుంటడు," అంటున్నది యాదమ్మ.

రాయి, బిడ్డా. ఆరే.