వచ్చే నెల పాఠం

ఇప్పుడు ఏదైనా తెలియకపోతే ఫోన్లో వెతుక్కుంటున్నాం గానీ, అప్పట్లో నెల రోజులు ఆగేవాళ్లం. నేనైతే ఆగడమే ఉద్యోగంగా పెట్టుకున్నాను. తొంభైల చివర్లో తిరుపతిలో ఒక డీటీపీ సెంటర్లో చేరేటప్పుడు కంప్యూటర్ కోర్సు పూర్తి చేశానని చెప్పుకున్నాను. నిజానికి నెల తిరక్కముందే మానేశాను. పాఠమంతా ఇంగ్లీషులో సాగేది, మౌస్ పట్టుకోవడం తప్ప నాకేమీ తలకెక్కలేదు. నన్ను గట్టెక్కించింది తెలుగులో వచ్చే ఒక కంప్యూటర్ మాసపత్రిక. చవక కాగితం, వేళ్లకంటుకునే సిరా. అయితేనేం, పక్కన కూర్చుని చెప్పినట్టుండేది: ఇక్కడ నొక్కండి, ఇలా కనబడుతుంది, భయపడకండి అని. (ఆ 'భయపడకండి' కోసమే కొనేవాణ్ని.) తిరుపతిలో టైపు ఇన్‌స్టిట్యూట్లు ఒక్కొక్కటే బోర్డు మార్చి కంప్యూటర్ సెంటర్లయ్యాయంటే సగం పుణ్యం ఆ పత్రికదే. చిక్కల్లా ఒకటే, పాఠాలు సీరియల్‌లాగా నెలకొకటి వచ్చేవి. కాబట్టి నా చదువు కూడా ఎప్పటికప్పుడు ఆ నెల సంచిక దగ్గరే ఆగి ఉండేది.

మా యజమానిని అందరూ పెద్దసారు అనేవాళ్లు. ముప్పై ఏళ్లు టైపు నేర్పిన మనిషి, నుదుట నిలువు నామం, చేతిలో అడుగు స్కేలు. టైపు మిషన్లు అమ్మేసి కంప్యూటర్ కొన్నారు గానీ దాన్ని ఎన్నడూ ముట్టుకునేవారు కాదు. తాను ముట్టుకుంటే నాకు పని రాదట. నా వెనక చేతులు కట్టుకుని నిలబడి తెరవైపు చూస్తుంటే, అన్నీ తెలిసిన మనిషి పరీక్ష పెడుతున్నారని నా చొక్కా తడిసిపోయేది. అక్కడ పాకాల దగ్గర మా నాయన, కొడుకు కంప్యూటర్ ఇంజనీరని శెనక్కాయల మండీలో అందరికీ చెప్పుకుంటున్నాడు. నేను దొరికిపోతే నా ఉద్యోగంతోపాటు ఆయన పరువూ పోతుంది.

అలాంటి సమయంలో ఒక హైస్కూలు హెడ్మాస్టరు వచ్చాడు. బడికి పాతికేళ్లు నిండాయి, పాత విద్యార్థులు రెండువందల పైచిలుకు మందికి ఆహ్వానాలు పంపాలి, ప్రతి ఉత్తరంలోనూ వాళ్ల పేరు అచ్చయి ఉండాలి అన్నాడు. నాకు రాదని ఎలా చెప్పాలా అనుకుంటుండగానే పెద్దసారు మాట ఇచ్చేశారు. "ఉత్తరం ఒకటే కొడతాం. పేర్లు కంప్యూటరే మార్చుకుంటాది. శుక్రవారానికి ఇస్తాం." సరిగ్గా ఆ పాఠమే 'వచ్చే నెల' అని పత్రిక చివరి పేజీలో వేసి ఉన్నారు.

ఆ వారమంతా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బస్టాండు దగ్గర పుస్తకాల కొట్టుకు పరుగు. వానలకు గూడూరు దగ్గర రైళ్లు నిలిచిపోయాయి, కట్టలు రాలేదు అనేవాడు కొట్టాయన. ఇక్కడ హెడ్మాస్టరు రోజూ వచ్చి కూర్చునేవాడు. సోమవారం పేర్లు టైపు చేస్తున్నానన్నాను, మంగళవారం తప్పులు దిద్దుతున్నానన్నాను, బుధవారం ప్రింటరు రిబ్బను ఆరాలన్నాను. (రిబ్బను ఆరడమేమిటో నాకూ తెలియదు.) పెద్దసారు మాత్రం గంభీరంగా తలూపి, అవునవును, ఆరాల్సిందే అన్నారు. ఆ రాత్రి గుండు కొట్టించుకుంటానని ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను. గురువారం కొట్టు తెరవకముందే వెళ్లి నిలబడితే, నిన్న సాయంత్రం నేను వెళ్లిపోయాక కట్ట వచ్చిందన్నాడు కొట్టాయన. "ఈ తూరి కట్టలో అది ఒకటే వచ్చె. ఎవురో పెద్దాయన తీస్కపాయ. నామం పెట్టుకోనుండాడు." తిరుపతిలో నామం పెట్టుకున్న పెద్దాయనను ఎక్కడని వెతకను? ఆ కొట్టాయనకే నామం ఉంది.

సెంటరుకు వచ్చేసరికి హెడ్మాస్టరు కుర్చీలో సిద్ధంగా ఉన్నాడు. కాగితాలు తెస్తానని లోపలి గదిలోకి వెళ్లాను. ఏడవడానికి వెళ్లానంటే సరిగ్గా ఉంటుంది. కాగితాల కోసం పెద్దసారు బల్లకున్న సొరుగు నేను లాగితే, పంచాంగం కింద ఈ నెల పత్రిక. నా పాఠం. వాక్యవాక్యానికీ ఎర్ర సిరా గీత, పక్కన ప్రశ్నార్థకాలు. అట్టడుగున ఆయన పొందికైన చేతిరాత: "అర్థం కాలేదు. పిల్లవాణ్ని అడగాలి. ఎట్ల అడిగేది?"

తలెత్తితే గుమ్మంలో పెద్దసారు. చేతిలో స్కేలు లేదు.

"నాలుగు తూర్లు సదివినానప్పా. ఎక్కలా. నువ్వన్నా సెప్పు" అన్నారు.

ఇక దాచడం నా వల్ల కాలేదు. కోర్సు మధ్యలో మానేశాననీ, నాకు వచ్చిందంతా ఆ పత్రికలోదేననీ, ఈ పాఠం నేనింకా చూడనే లేదనీ చెప్పేశాను.

"తెలుసులే" అన్నారాయన. "ఎండాకాలంలో ఒక పాఠంలో ఒక మెట్టు అచ్చు కాకుండా పొయ్యె గదా. ఆ నెలంతా నువ్వు ఆ మెట్టు వదిలేసే చేస్తివి. మళ్లా నెల సవరణ ఏసినాక సరిగ్గా చేస్తివి. అప్పుడే అనుకున్నా, ఈడు గూడా మన పత్రిక బడే అని."

పత్రిక పట్టుకుని ఇద్దరం బయటికొచ్చాం. టైపు క్లాసులో డిక్టేషన్ చెప్పినట్టు ఆయన చదివారు, నేను నొక్కాను. మొదటి విడతలో ముప్పై ఉత్తరాలూ జాబితాలో తొలి పేరైన ఆదికేశవులుకే వచ్చాయి. హెడ్మాస్టరు వాటిని తిరగేసి, వాడు బడికి సరిగ్గా వచ్చిందే లేదు, ముప్పై తూర్లు పిలిస్తే వస్తాడేమోలే అన్నాడు. మధ్యాహ్నం దాటాక కుదిరింది. ఆఖరి మీట నొక్కమని పెద్దసారుకు కుర్చీ ఇచ్చాను. ఆయన చేతులు కడుక్కొచ్చి, కీబోర్డును కళ్లకద్దుకుని, ఒక్క వేలితో నొక్కారు. ఊరికి పది వేళ్లతో టైపు నేర్పిన మనిషి ఆయన.

తర్వాత కొన్నేళ్లకు ఆ పత్రిక పలచబడి, ఒక నెల రాలేదు, ఇక రానేలేదు. వచ్చే నెల చూడమని కొట్టాయన చాన్నాళ్లు చెప్పాడు. పెద్దసారు పోయాక వాళ్లబ్బాయి సొరుగులు సర్దుతూ ఆ సంచిక నాకిచ్చాడు. 'ఎట్ల అడిగేది?' కింద, ఎప్పుడు రాసుకున్నారో, నీలం సిరాతో ఇంకో వరస ఉంది: "అడిగితిని. వానికీ తెలియదు. బాగుండె."

నాకిప్పుడు యాభై దాటాయి. ఒక ఆఫీసులో ఉద్యోగం. అక్కడ కొత్త పద్ధతి ఏదొచ్చినా తెలిసినవాడిలా వెనక చేతులు కట్టుకుని తలూపుతుంటాను. మొన్న ఒక పని ఫోన్లో వెతికినా బొత్తిగా అంతుచిక్కక, ఇంటికొచ్చి ఆ పేజీ తీసి చూసుకున్నాను. మర్నాడు సిగ్గు విడిచి పక్క సీటులో కొత్తగా చేరిన అమ్మాయిని అడిగాను. ఆ పిల్ల అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "నాకూ తెల్దు సార్. మీరేమన్నా సెప్తారేమోనని రెండు దినాల్నించి సూస్తాండా" అంది. కుర్చీ ఆమె బల్ల దగ్గరికి జరుపుకున్నాను.