మూడు నిమిషాల్లో ఒక నల్లా

అర్జీ రాయడంలో ఈ జంటనగరాల్లో నన్ను మించినవాళ్ళు లేరని ఒకప్పుడు నాకు గట్టి నమ్మకం. నమ్మకం ఏమిటి, గర్వమే. సైనిక్‌పురిలో మా మేడమ్ ఇంటి ముందు గదిలో నా బల్ల ఉండేది. మేడమ్ అంటే హెడ్మిస్ట్రెస్‌గా రిటైరై, తర్వాత రాజ్యసభకు వెళ్ళినావిడ. ఆవిడ ఆఫీసులో టైపిస్టునీ నేనే, గుమాస్తానీ నేనే, వచ్చినవాళ్ళ గోడు వినేదాన్నీ నేనే. అల్వాల్ నుంచి రెండు బస్సులు మారి, పది కొట్టకముందే వెళ్ళి తాళం తీసేదాన్ని.

నా అర్జీల రహస్యం మా ఇంట్లో ఉంది. మాది గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం, నాన్న మిషన్ స్కూలు టీచరు. మా ఇంట్లో సాయంత్రం ప్రార్థన అంటే అన్నం చల్లారిపోవలసిందే. దేవుణ్ణి ఏదైనా అడగాలంటే ముందు ఆయన కృపనీ, కనికరాన్నీ, మహిమనీ వరసగా తలచుకోవాలి. ఆ తర్వాత మన దీనస్థితి చెప్పుకోవాలి. ఆఖర్న, అదీ గొంతు కాస్త వణికాక, అసలు సంగతి. నా చేతికి కూడా ఆ అలవాటే వచ్చింది. పెన్షను కోసం రాసినా, వీధి దీపం కోసం రాసినా, చదివే ఆఫీసరు కళ్ళు తుడుచుకోవాలని నా పంతం. ఒకరిద్దరు తుడుచుకున్నారని విన్నాను కూడా.

ఒక వానాకాలం ఉదయం యాప్రాల్ అవతలి బస్తీ నుంచి అంగన్‌వాడీ టీచరు వచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. చెప్పులు బయట విడిచి, కుర్చీ చూపించినా కూర్చోకుండానే మొదలుపెట్టింది.

“అక్కా, మా సెంటర్ల నల్లా లేదు. రోడ్డుకు అవుతల ఉంది. మా ఆయమ్మ పొద్దుగాల్నుంచి బిందెలు మోస్తనే ఉంటది. లారీలు తిరిగే రోడ్డు అక్కా అది.”

“పైపు ఇటు వేయించుకోవచ్చు కదా?”

“భూమి మనది కాదు. ఢిల్లీల ఏదో శాఖదంట. గడ్డపార దించాలన్నా ఆడికెల్లి కాయితం రావాలంట. మూడేండ్ల సంది తిరుగుతున్న. నేను పరేషానైన, కాయితం మాత్రం రాలే.”

అసలు భయం ఆమె చివర్లో చెప్పింది. దసరాలోపు నీళ్ళ ఏర్పాటు కాకపోతే ఆ కేంద్రం ఎత్తేసి, పిల్లల్ని ఇంకో కేంద్రంలో కలుపుతామని పైనుంచి కాగితం వచ్చిందట. ఆ ఇంకో కేంద్రం అదే రోడ్డుకి అవతల ఉంది.

“ఆ రోడ్డు దాటించి చిన్న పిల్లల్ని ఎవరు పంపుతరక్కా? ఇంట్లనే కూసుంటరు. గుడ్డు పోతది, పప్పన్నం పోతది, ఆట పోతది. తల్లులు కూలికి పోతే తాళమేసి పోతరు.”

“దిగులుపడకు. పార్లమెంటులోనే ప్రశ్న వేయిస్తాను” అన్నాను. నా సొంత ఆస్తి ఏదో రాసిచ్చినంత ధీమాగా అన్నాను.

మేడమ్ అప్పుడు ఢిల్లీలో ఉన్నారు, సమావేశాలు మొదలయ్యాయి. ప్రశ్నల నోటీసు ఫారాలు సంతకం పెట్టి నా దగ్గర ఉంచి వెళ్ళేవారు. మామూలుగా నేను రాసింది ఫోన్‌లో చదివి వినిపించేదాన్ని. ఈసారి అదీ చేయలేదు. మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా కూర్చుని ఇంగ్లీషులో రాశాను. పువ్వుల్లాంటి పసిబిడ్డలు, నోరులేని అమాయకులు, రాతి గుండెల్ని సైతం కరిగించే ఆ దాహం, దయామయులైన మంత్రిగారు ఇకనైనా కన్ను తెరవగలరా అని. టైపు చేస్తుంటే నాకే ఏడుపొచ్చింది. చాలా బాగా వచ్చిందనుకుని ఆ సాయంత్రమే రాజ్యసభ ఆఫీసుకి పంపేశాను.

పది రోజులకి అది తిరిగొచ్చింది. ప్రశ్నలో వాదన ఉండకూడదు, ఊహలు ఉండకూడదు, వ్యంగ్యం ఉండకూడదు, వర్ణనలు అసలే ఉండకూడదు. ఇవన్నీ నిబంధనలట. నా ప్రశ్నలో అవి తప్ప ఇంకేమీ లేవు. ఏ శాఖ, ఏ అనుమతి, ఎక్కడ ఆగింది అన్న మూడు ముక్కలు వర్ణనల కింద ఎక్కడో నలిగిపోయాయి.

మేడమ్ ఫోన్ చేశారు. “ఏమ్మా, ప్రశ్న రాయమంటే ప్రార్థన రాశావేం?”

ఆవిడ నవ్వుతూనే అన్నారు. నాకు నవ్వు రాలేదు. మళ్ళీ ప్రశ్న వేయాలంటే పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సభ అంతకుముందే ముగిసిపోతుంది. తర్వాతి సమావేశాలు దసరా దాటాకే. అంటే నా గొప్ప ఇంగ్లీషు ఆ పిల్లల కేంద్రానికి తాళం వేసిందన్నమాట. సిగ్గుతో చచ్చిపోయాను. టీచరుకి ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“గట్లనా అక్కా” అంది. “మరి ఇప్పుడెట్ల?”

మేడమ్ దగ్గర ఇంకో దారి ఉంది. జీరో అవర్లో అత్యవసరమైన సంగతి ఏదైనా లేవనెత్తవచ్చు. అవకాశం వస్తే మూడు నిమిషాలు ఇస్తారు. మూడు నిమిషాలు కాగానే మైకు దానంతట అదే ఆగిపోతుంది.

“నీకు రాయమని ఇస్తే మొదటి రెండు నిమిషాలూ పొగడ్తలకే సరిపెడతావు. నీ సంగతి నాకు తెలుసు. బల్ల దగ్గర కూర్చోకు. వెళ్ళి చూసి రా. చూసింది రాయి, చూడంది రాయకు” అన్నారు మేడమ్, పాత హెడ్మిస్ట్రెస్ గొంతుతో.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. ఒకే గది, రేకుల కప్పు, గోడ మీద టీచరే వేసిన మామిడిపండూ ఏనుగూ. ఆయా యాభై దాటిన మనిషి. పలకరిస్తే నవ్వింది కానీ ఆగలేదు, బిందె తీసుకుని బయల్దేరింది. నేనూ ఒక బిందె అందుకున్నాను.

“నీకెందుకమ్మా ఈ తక్లీఫ్, చీర ఖరాబైతది” అంది.

చీర మొదటిసారికే తడిసింది. నడుం రెండోసారికి పట్టేసింది. మూడోసారి రోడ్డు మధ్యలో ఉండగా ఒక లారీ హారన్ కొడుతూ మా పక్కనుంచి పోయింది. నా బిందె జారిపడి సొట్టపోయింది. ఆ తర్వాత నేను గట్టు మీద కూర్చుని లెక్కపెట్టాను. ఆయా ఆ రోజు పదకొండు సార్లు రోడ్డు దాటింది.

కానీ నేను చూడవలసింది అది కాదు. ఆమె అవతలికి వెళ్ళిన ప్రతిసారీ గదిలో పాట ఆగిపోతోంది. పిల్లలందరూ వచ్చి గుమ్మంలో నిలబడుతున్నారు. ఆయాకి దారివ్వకుండా అడ్డంగా పోయే లారీల్ని గట్టిగా లెక్కపెడుతున్నారు. ఒకటి, రెండు, మూడు. ఆమె ఇటు వచ్చేదాకా లెక్క ఆగదు. వచ్చాక మళ్ళీ పాట.

“వీళ్ళకి అంకెలు భలే నేర్పావే” అన్నాను టీచరుతో.

“నేను నేర్పలే అక్కా. ఆయమ్మ కోసం ఎదురుచూసుకుంట వాళ్ళే నేర్సుకున్నరు. ఇరవై దాక వస్తయి అందరికి.”

ఇంటికొచ్చి రాశాను. ఒక పేజీ కూడా నిండలేదు. రాసి, మళ్ళీ చదివి, ‘పాపం’ అన్న మాట ఒకటి దొర్లితే కొట్టేశాను. తెలుగులోనే మాట్లాడతానని మేడమ్ ముందుగానే అక్కడ తెలియజేశారు, అనువాదకుల ఏర్పాటు కోసం.

మేడమ్ మాట్లాడవలసిన రోజు నేనూ, టీచరూ, ఆయా, నలుగురైదుగురు తల్లులూ బస్తీ మలుపులోని కిరాణా కొట్టు ముందు నిలబడ్డాం. కొట్టాయన టీవీలో క్రికెట్ చూస్తున్నాడు. టీచరు వెళ్ళి అడగకుండానే ఛానల్ మార్చింది. ఆయన తల్లుల మొహాలు చూసి, పక్కకి జరిగి చోటిచ్చాడు. ఆ వారమంతా సభలో గొడవే, ఒక్కరోజూ సరిగా సాగలేదు. ఇవాళ కూడా వాయిదా పడితే ఇక అంతే.

మేడమ్ వంతు వచ్చింది. లేచి, కళ్ళద్దాలు సర్దుకున్నారు.

“అధ్యక్షా, మా ఊళ్ళో, యాప్రాల్ అవతల, ఒక అంగన్‌వాడీ కేంద్రం ఉంది. అందులో నల్లా లేదు. నల్లా రోడ్డుకి అవతల ఉంది. ఆయా రోజుకి పదకొండు సార్లు ఆ రోడ్డు దాటుతుంది. ఆమె తిరిగొచ్చేదాకా పిల్లలు గుమ్మంలో నిలబడి లారీలు లెక్కపెడతారు. వాళ్ళకి ఇరవై వరకు అంకెలు వచ్చు. అలాగే వచ్చాయి. నీళ్ళు లేవని దసరాకి ఆ కేంద్రం మూసేస్తున్నారు. రోడ్డు కింద పైపు వేయడానికి, ఆ భూమి గల శాఖ ఇక్కడి నుంచి ఒక అనుమతి ఇవ్వాలి. మూడేళ్ళుగా అడుగుతున్నారు. అది ఇమ్మని అడగడానికే లేచాను.”

కూర్చున్నారు. మైకు ఇంకా వెలుగుతూనే ఉంది. అంతవరకు పక్కవాళ్ళతో మాట్లాడుకుంటున్న సభ్యులు ఆవిడ వైపు తిరిగారు.

ఆ సభలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా చెప్పిన సంగతి తమదీ అనిపిస్తే మిగతావాళ్ళు లేచి, మేమూ దీంతో కలుస్తున్నాం అంటారు. మొదట వెనక వరసలో ఒకరు లేచారు. ఆ తర్వాత ఎదురు పక్షం వాళ్ళు ఇద్దరు. ఆ తర్వాత ఎవరు ఏ పక్షమో నాకు తెలియలేదు, చేతులే కనిపించాయి.

“వాళ్ళంత ఏమంటున్నరమ్మా?” ఆయా నా కొంగు పట్టుకుని అడిగింది.

“మనతో కలుస్తామంటున్నారు.”

“మనం ఎవరో వాళ్ళకు ఎర్కేనా?”

“ఇప్పుడు ఎర్కే” అన్నాను. నాకు తెలియకుండానే ఆమె మాటలో చెప్పాను. కొట్టాయన తల్లులకి తలా ఒక బిస్కెట్ పొట్లం ఇచ్చి, పిల్లలకి పట్టుకుపొమ్మన్నాడు. క్రికెట్ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆ తర్వాత రోజూ నేను పోస్ట్‌మన్‌ని నిలవనీయలేదు. మూడేళ్ళు రాని కాగితం మూడో వారంలో వచ్చింది. కేంద్రం మూసివేత కూడా ఆగిపోయింది. బతుకమ్మ పూలు రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్మడం మొదలైన వారంలో రోడ్డు తవ్వి పైపు వేశారు. నల్లా తిప్పడానికి మేడమ్ వచ్చారు. ఆవిడ చెయ్యి వేయలేదు, ఆయా చేత తిప్పించారు. ముందు గాలి బుసకొట్టింది, తర్వాత కాస్త ఎర్రనీరు, ఆ తర్వాత తేటనీళ్ళు. బస్తీ అంతా ఒక్కసారిగా అరిచింది. నేను అందరికన్నా గట్టిగా అరిచాను.

బిందె నిండుతుంటే పిల్లలు అలవాటుగా పరుగెత్తి గుమ్మంలో నిలబడ్డారు. లారీ వచ్చింది. ఒకటి, అన్నారు. రోడ్డు మీద ఆయా లేదు. వెనక్కి తిరిగి చూస్తే వాళ్ళ వెనకే ఉంది, చేతులు తుడుచుకుంటూ. లెక్క అక్కడే ఆగిపోయింది.

సాయంత్రం ఆఫీసులో మేడమ్ అన్నారు. “మంత్రిగారికి కృతజ్ఞతల ఉత్తరం రాయి. దీనికి నిబంధనలేం లేవు. నీ ఇష్టం వచ్చినంత వర్ణించుకో.”

టైపుమిషన్‌కి కాగితం ఎక్కించి చాలాసేపు కూర్చున్నాను. ఆఖరికి రెండు ముక్కలు కొట్టి సంతకానికి పెట్టాను.

“నీళ్ళు వచ్చాయి. ఈ రోజు మా ఆయా ఒక్కసారి కూడా రోడ్డు దాటలేదు.”