బావ ఎడమ చెవి

మొన్న మా అమ్మాయి కొత్త కారు కొనుక్కుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నరసరావుపేట నుంచి మాచర్లకు బయలుదేరింది. నా ఎదురుగా పలకంత తెర ఒకటి వెలుగుతోంది. వెనక సీట్లోంచి మా మనవరాలు ముందుకు వంగి, ఆ తెర మీదికి కారు బొమ్మ తెప్పించి, అందులో ఉన్న చుక్కను వేలితో అటూ ఇటూ జరుపుతూ, "తాతయ్యా, పాట నీ దగ్గరికి పంపనా, అమ్మ దగ్గరే ఉంచనా?" అని అడిగింది. చుక్క ఎటు జరిగితే పాట అటు నడిచిపోయింది. ఇప్పుడు పసిపిల్ల వేలితో ఆడుకుంటున్న ఆ పనిని ఒకప్పుడు క్యాసెట్ ప్లేయరు మీది శనగగింజంత మీట ఒకటి చేసేది. ఆ మీట మూలంగా మా ఇంట్లో ముగ్గురం ఒకరికి తెలియకుండా ఒకరం ఎంత నలిగిపోయామో, కారులో పాట వినడమే గొప్పగా ఉండిన రోజులు చూసిన నా ఈడు వాళ్ళకైతే అర్థమవుతుంది.

మా అక్క మొగుడు, అంటే మా బావ, పెళ్ళికి ముందు దాచేపల్లి దగ్గర సున్నపురాయి క్వారీలో పనిచేసేవాడు. రాతికి తూట్లు పెట్టి, తూటాలు కూరి పేల్చే పని. పెళ్ళయ్యాక మా అక్క ఆ పని మానితే గానీ కాపురానికి రానని పట్టుబట్టడంతో నరసరావుపేట వచ్చి, ఒక ముసలి రేడియో మెకానిక్ దగ్గర పని నేర్చుకుని, పల్నాడు రోడ్డులో చిన్న షాపు తెరిచాడు. కార్లకూ జీపులకూ క్యాసెట్ ప్లేయర్లు బిగించడం ఆయన పని. డిగ్రీ మధ్యలో వదిలేసి ఊరికే తిరుగుతున్న నన్ను మా అమ్మ తీసుకెళ్ళి ఆయనకు అప్పగించింది. అప్పట్లో మా చుట్టుపక్కల కార్లెన్ని ఉండేవి గనక? డాక్టర్లవి, పత్తి వ్యాపారులవి, మిరప వ్యాపారులవి, పదెకరాలు పైబడ్డ రైతులవి. అయినా పాట పెట్టించుకోవాలంటే అందరూ మా బావ దగ్గరికే వచ్చేవారు. కారణం ఆయన చెవి.

బిగించడం ఎవరైనా బిగిస్తారు, పరీక్షించడంలోనే ఉంది విద్య అంతా అనేవాడు బావ. ముందు టార్చిలైటు బ్యాటరీ ఒకటి తీసుకుని స్పీకరు తీగలకు ఒక్క క్షణం తాకించేవాడు. స్పీకరు లోపలి కాగితం ముందుకు ఉబకాలి. ఒక స్పీకరు ముందుకు ఉబికి, రెండోది వెనక్కి గుంజుకుందంటే తీగలు తారుమారయ్యాయన్నమాట. అలా ఉంటే ఒకటి తోసిన గాలిని ఇంకొకటి లాగేసుకుంటుంది, డోలు దెబ్బ తాటాకు మీద కొట్టినట్టు పేలవంగా వినిపిస్తుంది. తరవాత ఇంజను స్టార్టు చేసి ఎక్సలేటరు తొక్కేవాడు. తొక్కిన కొద్దీ పాట వెనకాల ఈల లాంటి మోత పెరిగితే ఎర్తు తీగ సరిగా పడలేదని, మళ్ళీ విప్పి, రంగు గీకి, ఇనుముకు ఇనుము ఆనేలా బిగించమనేవాడు. అన్నీ అయ్యాక అసలు ఘట్టం. అద్దాలు ఎత్తేసి, డ్రైవరు సీట్లో కూర్చుని, ఒక పక్క నాదస్వరం, ఒక పక్క డోలు, మధ్యలో గొంతు వినిపించే క్యాసెట్టు పెట్టి, కళ్ళు మూసుకుని ఆ మీటను వెంట్రుకవాసి చొప్పున తిప్పేవాడు. పాడే మనిషి బానెట్ మీద మఠం వేసుకుని కూర్చుని మన మొహంలోకి చూస్తూ పాడుతున్నట్టు ఉండాలట. ఆయన దిగేదాకా షాపులో ఎవరూ దగ్గకూడదు.

నేను చేరిన నాలుగో ఏటనో ఐదో ఏటనో ఒక సంగతి గమనించాను. బావ దిగిన ప్రతి బండిలోనూ ఆ మీట నడిమికి ఎడమగా ఆగి ఉంటోంది. ఒక బండిలో అంటే స్పీకరులో తేడా అనుకోవచ్చు, వరసగా ఐదారు బండ్లలో అలాగే ఉంటే ఏమనుకోవాలి? ఒకసారి ఆయన లేనప్పుడు లోపల కూర్చుని విన్నాను. పాడే మనిషి బానెట్ మీద లేడు, ఎడమ తలుపు పట్టుకుని వేలాడుతున్నాడు. అప్పటికే ఎడమ వైపు నుంచి పిలిస్తే బావ పలకడం లేదని, తలబిరుసు పెరిగిందని లోలోపల గొణుక్కుంటూ ఉన్నవాణ్ణి, ఆ క్షణంలో అసలు సంగతి గ్రహించాను. ఆయనకు ఎడమ చెవి పోతోంది. ఎడమ పక్క సరిగా వినపడక, ఆ పక్క శబ్దం పెంచుకుంటున్నాడు.

చెప్పాలా? ఎలా చెప్పడం? గాయకుడితో గొంతు పోయిందని చెప్పినట్టే గదా. ఆ రోజు నుంచి బావ దిగగానే డాష్‌బోర్డు తుడిచే నెపంతో గుడ్డ పట్టుకుని లోపల దూరి, మీట నడిమికి తిప్పేసి వచ్చేవాణ్ణి. అలా నెలల తరబడి చేశాను. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను.

ఒక రోజు స్పీకర్ల కోసం నేను గుంటూరు వెళ్ళాను. ఆ రోజు పూర్తయిన బండి నకరికల్లు నుంచి వచ్చిన ఒక మాజీ సర్పంచిది. మర్నాడు పొద్దున్నే ఆయన బండి తీసుకుని తిరిగొచ్చాడు. షాపులో మరో నలుగురు ఉన్నారు.

"ఏందయ్యా ఇది, పాటంతా నా పెళ్ళాం కూచునే పక్కకే పోతంది? బండి తోలేది నేను, ఇనేది ఆమెనా?" అన్నాడు పెద్దాయన నవ్వుతూనే. అందరూ నవ్వారు. బావ వెళ్ళి కూర్చుని విని, సరిగానే ఉందన్నాడు. "సరిగా ఉండటమేంది! నీకేమన్నా చెవుడా?" అన్నాడాయన. ఆ మాట వేళాకోళానికే అన్నాడు, కానీ బావ మొహంలో నెత్తురు లేదు. నేను గబగబా వెళ్ళి, కిటికీలోంచి చెయ్యి పెట్టి, మీట నడిమికి తిప్పాను. పెద్దాయన విని, తృప్తిగా తలూపి వెళ్ళిపోయాడు.

అక్కడే దొరికిపోయాను. వినకుండానే నా చెయ్యి నేరుగా ఆ మీట మీదికి వెళ్ళడం, చూడకుండానే సరైన చోట ఆగడం బావ చూశాడు. ఆ చేతికి అది అలవాటైన పని అని ఆయనకు తెలిసిపోయింది. టెస్టర్ జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. మూడు రోజులు షాపు వైపు రాలేదు.

నాలుగో రోజు ఉండబట్టలేక మా అక్క దగ్గరికి వెళ్ళి, వసారాలో కూర్చుని ఎండు మిరపకాయలకు తొడిమలు తీస్తున్న ఆవిడకు అంతా చెప్పాను. ఆవిడ తల ఎత్తలేదు.

"నాకు తెలవకేందిరా. రెండేళ్ళయింది, ఆయన కుడిపక్క తప్ప కూచోవటంలే నేను. మంచం గూడా తిప్పి ఏశా. క్వారీలో తూటా ముందుగా పేలిందంట, చెవిలోనించి నెత్తురొచ్చిందంట, అది ఇప్పటికి ముదిరింది. ఆయన చెప్పలా, వాళ్ళమ్మ చెప్పింది."

వెనక అలికిడైతే తిరిగి చూశాను. గుమ్మంలో బావ నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో. ఆయన అక్క వైపే చూస్తున్నాడు. రెండేళ్ళుగా ఆవిడ ఎటు కూర్చుందో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటున్నట్టు ఉంది ఆ చూపు.

"ఎన్ని బళ్ళు సరిచేశావురా?" అన్నాడు చివరికి.

"గుర్తులేదు బావా."

"సరే, పద. షాపు తీద్దాం."

ఆ రోజు నుంచి పరీక్ష మారింది. ఒకే తీరుగా కూత వచ్చే క్యాసెట్టు పెట్టి, రెండు స్పీకర్ల తీగలకూ ముల్లున్న మీటరు తగిలించి, ముల్లు రెండు చోట్లా ఒకే గీత దగ్గర నిలిచేదాకా సరిచేసేవాడు. తరవాత తల తిప్పి ఎడమ స్పీకరునూ కుడి చెవితోనే వినేవాడు. ఆఖరున నన్ను పిలిచి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టేవాడు. "నా ఎడం చెవివి నువ్వేరా, కూచో. బయట మాత్రం ఎవురికీ చెప్పమాక" అన్నాడు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

ఏళ్ళు గడిచాయి. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి. అప్పుడొకసారి ఉపగ్రహాల సాయంతో దారి చెప్పే యంత్రాన్ని మా వైపు రోడ్ల మీద పరీక్షించడానికి హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరు అమ్మాయి వచ్చింది. రోడ్లు తెలిసినవాడు, తీగలు తెలిసినవాడు కావాలంటే బావను చూపించారు. బావ డ్రైవింగు, పక్కన కాగితాలతో ఆ అమ్మాయి, వెనక సీట్లో తీగలతో నేను. గురజాల మీదుగా మాచర్ల, అక్కడి నుంచి సాగర్ కొండల దాకా పోవడం, యంత్రం మేమున్నామన్న చోటికీ మేం నిజంగా ఉన్న చోటికీ తేడా రాసుకోవడం, మళ్ళీ రావడం, నాలుగైదు రోజులు అదే పని.

ఆకాశంలో తిరిగేవాటికి మన కారు ఎలా కనపడుతుందమ్మా అని బావ అడిగాడు. అవి మనల్ని చూడవనీ, తమ గడియారంలో టైము ఎంతయిందో పంపిస్తూ ఉంటాయనీ, అది మనకు చేరడానికి ఎంత ఆలస్యమైందో చూసుకుని ఏ ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో యంత్రం లెక్క కడుతుందనీ ఆమె చెప్పింది. బావ స్టీరింగు మీద చిన్నగా చరిచాడు. క్వారీలో అవతలి గట్టున తూటా పేలితే ముందు దుమ్ము కనపడేది, ఆనక మోత వినపడేది, మధ్యలో అంకెలు లెక్కపెట్టి మేస్త్రి దూరం చెప్పేవాడట.

"మరి మన పెట్టెలో గడియారం తప్పయితే లెక్కంతా తప్పేగా తల్లీ?"

ఆమె ఆశ్చర్యంగా చూసింది. చోటు తెలియడానికి మూడు ఉపగ్రహాలు చాలనీ, మన గడియారంలో తప్పు పట్టుకోవడానికే నాలుగోది కావాలనీ చెప్పింది. కొండల దగ్గర తెర మీది బాణం రోడ్డు దిగి చేలో పడి పరుగెత్తినప్పుడు, సంకేతం కొండకు తగిలి చుట్టు తిరిగి వస్తోందని ఆమె వివరించబోతే, క్వారీ గోడకు కొట్టుకుని మోత రెండోసారి వినపడటం లాంటిదేగా అని బావే పూర్తి చేశాడు.

మూడో రోజు రెంటచింతల దాటాక యంత్రం కుడికి తిరగమంది. బావ తిరగలేదు, నేరుగా పోయాడు. వెనక్కి వచ్చి మళ్ళీ పోతే మళ్ళీ అంతే. అద్దాలు దించి ఉన్నాయి, గాలి హోరు, ఎదురుగా సిమెంటు లారీలు. ఆ అమ్మాయికి విసుగొచ్చింది. "అంకుల్, అంత స్పష్టంగా చెబుతోంది కదా, మీరు పట్టించుకోవడం లేదేంటి?" అంది. యంత్రం గొంతు ఎడమ తలుపు స్పీకరులోంచే వస్తోంది. నాదే పొరపాటు, తీగ ఊడిందని చెబుదామని నోరు తెరిచాను. బావ చెయ్యెత్తి నన్ను ఆపి, బండి పక్కకు తీసి నిలిపాడు.

"నాకు ఎడం చెవి ఇనపడదమ్మా. చానా ఏళ్ళయింది. తూటా దెబ్బ."

ఎవరికీ చెప్పవద్దన్న మాటను ఆయనే, మూడు రోజుల పరిచయం ఉన్న మనిషి ముందు, ఎంత తేలిగ్గా అనేశాడో! ఆ అమ్మాయి జాలి మాటలేవీ అనలేదు. ఆఫీసులో ఇంతమందిమి ఈ గొంతు విన్నాం, డ్రైవరుకు ఒక చెవే పనిచేస్తే అన్నది ఎవరికీ తట్టలేదు అంకుల్ అని, నన్ను తీగ మార్చమంది. దారి చెప్పే గొంతును కుడి తలుపు స్పీకరుకు కలిపాను. అదే మలుపు, అవే లారీలు. ఈసారి బావ సరిగ్గా తిరిగాడు. ఆమె కాగితం మీద చాలాసేపు ఏదో రాసుకుంది. తిరుగుదారిలో బావ క్వారీ కబుర్లు చెబుతూనే ఉన్నాడు, అన్నేళ్ళలో నేను ఒక్కటీ వినని కబుర్లు.

ఆ యంత్రం అమ్మకానికి వచ్చిందో లేదో నాకు తెలియదు. బావ పోయి కొన్నేళ్ళయింది. కంపెనీ వాళ్ళే అన్నీ బిగించి పంపే రోజులొచ్చాక షాపు కూడా మూసేశాను.

ఆ పరీక్షల్లో ఊరి పేర్లు సరిచూసుకోవడానికి ప్రతి అడ్డరోడ్డు దగ్గరా ఆగేవాళ్ళం. దారి అడిగితే ముందు ఎవరి తాలూకు అని అడిగేవారు, మంచినీళ్ళు ఇచ్చేవారు. ఒకాయన మా బావ వాళ్ళకు దూరపు చుట్టమని తేలి, అన్నం తినందే కదలనివ్వలేదు. మొన్న మా అమ్మాయి కారు ఎక్కడా తప్పలేదు. ఒక్క మలుపు దగ్గర కూడా తడుముకోలేదు. మాచర్లలో దిగాక గానీ నాకు తట్టలేదు, అంత దూరం వచ్చామా, ఏ ఊళ్ళోనూ అద్దం దించలేదు, ఎవరూ మమ్మల్ని ఎవరి తాలూకు అని అడగలేదు.