మధ్యలో నల్లచుక్క

డిగ్రీ రెండో ఏడు మొదలై మూడు నెలలైనా కాలేదు, బస్సులు ఆగిపోయాయి. రెండువేల పదకొండు అది. తెలంగాణ కోసం సమ్మె. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డిలో మా కాలేజీకి పోవాలంటే బస్సు తప్ప నాకు వేరే దారి లేదు. అందుకని మా ఊరి గ్రంథాలయం బాట పట్టాను.

లైబ్రేరియన్ కూడా సమ్మెలోనే ఉన్నాడు. అయినా పొద్దున వచ్చి తలుపు తీసి, తాను మాత్రం బయట అరుగు మీద కూర్చునేవాడు. ఎవరైనా అడిగితే, "నేను డ్యూటీల లేను. తలుపు తెరిచి ఉన్నది, గంతే" అనేవాడు. పేపర్లు చదివే పెద్దమనుషులు, ఉద్యోగ పరీక్షలకు తయారయ్యే మగపిల్లలు, ఒక మూల బల్ల దగ్గర నేను.

అక్కడ భౌతికశాస్త్రం పుస్తకం ఒక్కటే ఉంది. అట్ట లేదు. విద్యుదయస్కాంతత్వం, మూడో ఏటిది. మాకు ఆ ఏడు కాంతిశాస్త్రం. సంబంధం లేని పుస్తకమే అయినా దాన్నే ఇంటికి తెచ్చుకున్నాను. దాన్ని అంతకు ముందు ఎవరూ తీసుకున్నట్టు లేదు, వెనక అంటించిన తేదీల కాగితం తెల్లగానే ఉంది. ఇంట్లో అవ్వతో పాటు నేనూ బీడీలు చుట్టేదాన్ని. ఒడిలో చాట, ఎదురుగా పీట మీద పుస్తకం. ఆకు కత్తిరించే ఇనుప రేకును బరువుగా పెడితే పేజీ కదిలేది కాదు. చేతులకు పని వచ్చు కాబట్టి కళ్ళు పుస్తకం మీదే ఉండేవి. అర్థం కాని పేజీని నాలుగుసార్లు, అయిదుసార్లు చదివాను. చెప్పేవాళ్ళు లేరు కనుక మళ్ళీ చదవడమే నాకున్న ఉపాయం.

ఆ పుస్తకం చివరి అధ్యాయానికి వచ్చేసరికి కాంతి కూడా విద్యుదయస్కాంత తరంగమేనని తెలిసింది. గాలిలోంచి వచ్చి గాజుకు తగిలి వెనక్కి తిరిగేటప్పుడు ఆ తరంగం తలకిందులవుతుందని నాలుగు పేజీల లెక్కతో నిరూపించారు. ఆ నాలుగు పేజీలకు వారం రోజులు పట్టింది. అర్థమైన రోజు అవ్వకు చెబితే, "మంచిగయింది, ఆకు తడుపు" అంది. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తే. తరగతిలో ఎవరూ చెప్పకముందే, దొడ్డిదారిన కాంతిశాస్త్రంలోకి వచ్చానని నాకు లోలోపల గర్వం.

సమ్మె ముగిసి బస్సులు నడిచినా నేను రోజూ కాలేజీకి పోలేకపోయాను. అవ్వకు వేళ్ళు పట్టేస్తుండేవి, ఇద్దరి పని నేనే చేయాల్సి వచ్చింది. ఫిజిక్స్ సార్ దగ్గరికి పోయి, ప్రాక్టికల్స్ ఉన్న బుధవారం మాత్రమే వస్తానని, మిగతాది చదువుకుంటానని చెప్పాను. ఆయన చాలాసేపు నా హాజరు పట్టీనే చూశాడు. "ప్రాక్టికల్ పరీక్షల మంచిగ చేస్తే వచ్చే ఏడు గూడ ఇట్లనే రానిస్త. లేకుంటె రోజు రావాలె" అన్నాడు. రోజూ రావాలంటే నాకు చదువు ఆగిపోయినట్టే. అది ఆయనకు చెప్పలేదు.

మా ల్యాబ్‌లో ఒక ఆచారం ఉండేది. పోయిన ఏడు వాళ్ళ రికార్డు చూసి ఈ ఏడు వాళ్ళు రికార్డు రాస్తారు. వాళ్ళు అంతకు ముందువాళ్ళది చూసి రాసినవాళ్ళే. మొదట ఆ కొలతలు ఎవరు తీశారో ఎవరికీ తెలియదు. కామారెడ్డి పక్కనున్న రాజంపేట నుంచి వచ్చే నా స్నేహితురాలు తీరిగ్గా కూర్చుని అందమైన అక్షరాలతో అవి దింపుకునేది. నేను మైక్రోస్కోపు మీద వంగి ఉంటే, "సీనియరక్క రికార్డు ఉండంగ కండ్లెందుకు పాడు చేసుకుంటవే, లైబ్రరీ మేడం?" అనేది. నేను చూసి రాసేదాన్ని కాదు. దాని గురించి కొంచెం గొప్పగానే తిరిగేదాన్ని.

కాంతి వలయాల ప్రయోగం నాకు అన్నిటికన్నా ఇష్టం. గాజుపలక మీద ఉబ్బెత్తు కటకం పెట్టి, సోడియం దీపం వెలుగు పడేట్టు చేసి, పైనుంచి మైక్రోస్కోపులో చూడాలి. ఒక దానిలో ఒకటిగా పసుపు, నలుపు వలయాలు. వాటి వెడల్పులు కొలిస్తే కటకం వంపు ఎంతో తెలుస్తుంది. ఆ దీపం వెంటనే వెలగదు. ముందు గులాబిరంగు వస్తుంది, పది నిమిషాలకు గాని పసుపు కాదు. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికే. అందుకని మా బ్యాచులను కరెంటు కోత వేళలు చూసి వేసేవాళ్ళు.

మొదటిసారి చూసినప్పుడు వలయాల నడుమ వెలుగు చుక్క కనిపించింది. నా పుస్తకం లెక్క ప్రకారం అక్కడ నల్లగా ఉండాలి. తరంగం తలకిందులవుతుంది కదా, కటకం పలకకు ఆనే చోట, కటకం అడుగు నుంచీ పలక నుంచీ తిరిగొచ్చే రెండు తరంగాలూ ఒకదాన్నొకటి చెరిపేసుకోవాలి. ల్యాబ్ అటెండర్‌తో కటకం పాడైందన్నాను. ఆయన పెద్దాయన, మేమంతా చాచా అనేవాళ్ళం. కటకం తీసి, జేబులోని మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టాడు. చూస్తే మధ్యలో నల్లచుక్క.

"నాకు లెక్కలు రావు బిడ్డా. కని రోడ్డు దుమ్ము రోజు చూస్త" అన్నాడు. నేను ఆ మాట పట్టించుకోలేదు. నా పుస్తకమే గెలిచిందనుకున్నాను.

పరీక్ష రోజు నాకు ఆ ప్రయోగమే వచ్చింది. దీపం పసుపుకు తిరగగానే వంగి చూశాను. మధ్యలో వెలుగు. చాచా అవతల గోడ దగ్గర నిలబడి ఉన్నాడు, పరీక్షలో ఆయన ఏదీ ముట్టుకోవద్దు. నాకై నేను కటకం కదిలిస్తే ఉన్న వలయాలు కూడా పోతాయేమోనని భయం. వలయాలు మటుకు చక్కగా ఉన్నాయి, వాటి కొలతలు తీసుకున్నాను. చివరి వలయం కొలత రాస్తుండగానే కరెంటు పోయింది. కోత వేళ కాకున్నా పోయింది.

కిటికీ వెలుతురులో గ్రాఫు గీశాను. అడ్డంగా వలయం సంఖ్య, నిలువుగా వెడల్పు వర్గం. పుస్తకం ప్రకారం గీత సున్నా నుంచి బయల్దేరాలి. స్కేలు ఒక కొసను సున్నా దగ్గర నొక్కిపట్టి గీశాను. మొదటి చుక్కలు గీత కిందికి, చివరివి పైకి పోయాయి. నా చేతి తప్పు అనుకుని, 'మధ్యలో నల్లచుక్క కనిపించినది' అని రాసేశాను.

బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు నా కాగితం అందుకున్నాడు. పక్కన మా సార్ ఉన్నాడు. మధ్యలో ఏం కనబడిందని పరీక్షకుడు అడిగాడు. నల్లచుక్క అన్నాను. ఎందుకన్నాడు. ఇక నేను ఆగలేదు. గాజు దగ్గర తరంగం ఎట్లా తలకిందులవుతుందో, విద్యుత్ క్షేత్రం నుంచి మొదలుపెట్టి ఆ నాలుగు పేజీలూ చెప్పాను. మా సార్ ముఖంలో ఆశ్చర్యం కనిపించింది. పరీక్షకుడు మాత్రం గ్రాఫు మీది నుంచి కళ్ళు తీయలేదు.

"ఎందుకు ఉండాల్నో చెప్పినవమ్మా. ఉన్నదా అని అడుగుతున్న."

దీపం ఆరి ఉంది. ఉందంటే కాదనడానికి ఎవరి దగ్గరా రుజువు లేదు. లేదంటే నేను రాసింది అబద్ధం, ఆ అబద్ధం సార్ ముందే బయటపడుతుంది, వచ్చే సంవత్సరం నా బుధవారాలు పోతాయి.

"లేదు సార్. మధ్యల వెలుగుండె."

"మరి నల్లగుందని ఎందుకు రాసినవ్?"

"పుస్తకంల అట్లనే ఉంది సార్."

ఆ మాట నా నోటి నుంచి వచ్చాకే నాకు వినబడింది. నేను సీనియరక్కల రికార్డు దింపుకోలేదు. అంతకన్నా పాతదాన్ని దింపుకున్నాను.

ఆయన కోప్పడలేదు. స్కేలు నా వైపు జరిపి, "సున్నను ఇడిచిపెట్టు. నీ చుక్కలు యాడికి పోతున్నయో అటు గుంజు" అన్నాడు. గీశాను. గీత చుక్కలన్నిటినీ కలుపుతూ వచ్చి, సున్నాకు కాస్త కుడిపక్కన కింది అడ్డగీతను తాకింది. అట్లా ఎందుకైందన్నాడు. ఇది పుస్తకంలో లేదు. చాచా అన్న రోడ్డు దుమ్ము గుర్తొచ్చింది. కటకానికి, పలకకు మధ్య దుమ్మురవ్వ ఉంటే అన్ని వలయాలకూ ఒకే అంత ఎడం పెరుగుతుంది. ఒక వలయం వెడల్పు వర్గంలోంచి ఇంకో వలయానిది తీసేస్తే ఆ ఎడం కూడా పోతుంది. కాబట్టి కటకం వంపు సరిగానే వస్తుంది. ఆగుతూ, తడుముకుంటూ చెప్పాను. అంతవరకు నేను చదవని సంగతి నా అంతట నేను చెప్పడం అదే మొదటిసారి. ఆయన మొదటి గీతను కొట్టేయమనలేదు. రెండో గీత పక్కన ఎర్రసిరాతో పొట్టి సంతకం పెట్టి పక్క బల్లకు వెళ్ళిపోయాడు.

సార్ నన్ను వరండాలోకి పిలిచాడు. "బుధవారాలే రా" అని లోపలికి పోయాడు.

మార్కులు వచ్చాక చూసుకుంటే, ఆ ప్రాక్టికల్‌లో నాకన్నా రాజంపేట స్నేహితురాలికే రెండు ఎక్కువ వచ్చాయి. ఆమెకు వేరే ప్రయోగం వచ్చింది. పరికరం వైపు చూడకుండానే పాత రికార్డు కొలతలు రాశానని ఆమే నవ్వుతూ చెప్పింది. "నువ్వు గంత చదివి ఏం లాభమే?" అంది. నాకు బాధ కాలేదంటే అబద్ధం. ఎండాకాలం పోయి మూడో ఏడు మొదలైంది. ఆ మొదటి బుధవారం పొద్దున ఎల్లారెడ్డి బస్టాండ్‌లో కామారెడ్డి బస్సెక్కి, కండక్టర్‌కు కాలేజీ పాసు చూపించాను.