చెరకు పిప్పి కరెంటు

ప్రపంచ కప్పు కోసం కతార్ ఎడారిలో సోలార్ పలకలు పరుస్తున్న రోజులవి. వలస కూలీల బజారు ఏషియన్ టౌన్‌లో చెరకు రసం తాగుతూ బస్సు కోసం చూస్తుంటే, ఆ పలకలు బిగించే మారిషస్ తెలుగాయన పలకరించాడు. నా నోరు ఊరుకోదుగా!

"గ్యాసు లేదు, బొగ్గు లేదు. మీ బుల్లి దీవికి కరెంటెక్కడిది నాయనా?"

ఆయన కొట్టువాడి బుట్టలోంచి గుప్పెడు పిప్పి తీసి నా చేతిలో పెట్టాడు. "దీనిని మండించి విద్యుత్తు తీస్తాము అమ్మగారూ." బడిలో నేర్చిన తెలుగు.

"చెరకు ఏడాదంతా ఉంటుందా ఏం?"

"ఉండదు. మిగతా నెలలకు ఓడలో బొగ్గు వస్తుంది. అందుకే ఎండతో విద్యుత్తు తీసే పని నేర్చుకుంటున్నాను. మా ముత్తాతలు చెరకు నరకడానికి కోరంగి రేవులో ఓడ ఎక్కారు. ఇక మా ఇంటి దీపం ఓడ కోసం చూడకూడదు."

"మాది కోరంగి పక్కూరే!" అన్నాను, ఆ దీవి దీపాలన్నీ నేనే వెలిగించినంత గొప్పగా.

బస్సెక్కాక కూడా ఆ పిప్పి పారేయబుద్ధి కాలేదు.