బిరాగో వాటా

మా టెచిమాన్ ఊరి సంతలో పెండలం దుంపలమ్మే ఆడవాళ్ళం మధ్యాహ్నం ఒకే మట్టిపళ్ళెంలో తింటాం. విరిగిపోయిన దుంపలు ఉడికించి, చామాకు కూరతో. ఆ పళ్ళెంలో చెయ్యి పెట్టనిచ్చారంటే నువ్వు మా మనిషివని లెక్క.

నా పక్క కొట్టు బిరాగోది. ఆమెకు ఎడమ దవడలో పోటు. పోటంటే మామూలు పోటా! గాలి తగిలినా చాలు, కరెంటు కొట్టినట్టు చెంపంతా లాగేసేది. క్షణంలో పోయేది, మళ్ళీ వచ్చేది. ముఖం కడుక్కోవాలంటే భయం, నమలాలంటే భయం. పంటి నొప్పి అని ఒకాయన రెండు పళ్ళు పీకాడు. పళ్ళు పోయాయి గానీ నొప్పి ఎక్కడికీ పోలేదు. మనిషి ఎండి పుల్లయిపోయింది. చెయ్యి కడుక్కుని పళ్ళెం దగ్గర ఊరికే కూర్చునేది, మేమంతా తినేదాకా.

ఇక చూడలేక నేనే ఆమెను పెద్దాసుపత్రికి లాక్కెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ చెంప మీద దూది అలా రాసిందో లేదో, బిరాగో బిగుసుకుపోయింది. తప్పు పంటిది కాదట, ముఖంలోని నరానిదట. ఇస్తున్న మాత్రలు మూర్ఛకు కూడా వాడతారనీ, ఈమెకు మాత్రం మూర్ఛ లేదనీ, తనని అడక్కుండా మానెయ్యొద్దనీ ఒకటికి రెండుసార్లు చెప్పింది. కొన్నాళ్ళకే బిరాగో దుంపముక్క నమిలి మింగింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఆ సంబరం ఎంతో కాలం నిలవలేదు. ఎదుటి కొట్టు సెర్వా కొడుక్కి మూర్ఛ. బిరాగో మింగే మాత్ర చూడగానే సెర్వా గుర్తుపట్టింది. ఆ రోగం ఎంగిలితో అంటుకుంటుందని మావాళ్ళ భయం. కన్నకొడుక్కే ఇంట్లో వేరే గిన్నె పెట్టిన మనిషి సెర్వా, ఇక బిరాగోను వదులుతుందా? ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. మర్నాడు బిరాగో వాటా ఆకులో పొట్లం కట్టి ఆమె కొట్లో పెట్టారు, అంతే. డాక్టరమ్మ మాటలు చెప్పి చెప్పి నా గొంతు ఎండిపోయింది. అందరూ తలలూపారు. పొట్లం మాత్రం రోజూ వస్తూనే ఉంది.

బిరాగో నాక్కూడా చెప్పకుండా మాత్రలు మానేసింది. మానేశానని సెర్వాతో తనే చెప్పుకుంది. వాళ్ళు మురిసిపోయి పళ్ళెం ఆమె వైపు జరిపారు. ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఒక్కసారి నమిలింది. అంతే, దవడ పట్టుకుని ముందుకు వంగిపోయింది. పోటు కాస్త వదిలాక నడుముగుడ్డ చెంగు ముడి విప్పి మాత్ర తీసింది, అందరూ చూస్తుండగానే.

“నీ పళ్ళెం నాకొద్దక్కా,” అంది సెర్వాతో. “నేను అలిసిపోయాను. ఆకలేస్తోంది నాకు.”

మాత్ర మింగి తన కొట్లోకి వెళ్ళి కూర్చుంది. నేను నా ముద్ద పట్టుకుని ఆమె వెనకే వెళ్ళాను.

“ఎందుకొచ్చావే? నీకూ అంటుకుందంటారు,” అంది.

“అననీ. కాస్త జరుగు,” అన్నాను.

ఆ పూట ఆమె ఏమీ తినలేకపోయింది. మర్నాడు పొట్లాలు రెండొచ్చాయి, ఒకటి నాది. బిరాగో రెండూ విప్పి ఒకే ఆకులో కలిపింది.