కల్వర్టు గుంటలో ఎర్రటి వంపు

గన్నవరం అవతల కొత్త రోడ్డు పనిలో నేను సైట్ ఇంజనీరుని. ఆ పొద్దున కల్వర్టు కోసం గుంట తవ్విస్తుంటే పొక్లెయిన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇరవై ఏళ్లుగా మట్టి తవ్వుతున్న మా డ్రైవరు కిందికి దూకి చెయ్యి ఊపాడు.

"మేడంగారూ, ఒక్కసారి ఇటు రండి. బకెట్టుకి ఏదో తగిలిందండి. రాయి మాత్రం కాదు."

గుంటలోకి దిగాను. నల్లమట్టిలో ఎర్రటి ఇటుకలు! ఒక్కోటి నా మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా ఉంది. చేత్తో మట్టి తుడుస్తూ పోయాను. వరస తిన్నగా లేదు, మెల్లగా వంపు తిరుగుతోంది. చిన్నప్పుడు స్కూలువాళ్లు ఘంటసాల ఊళ్లో చూపించిన గుండ్రటి బౌద్ధ స్తూపం గుర్తొచ్చింది.

"ఇక్కడ ఎవరూ గడ్డపార కూడా పెట్టొద్దు!" అని అరిచాను.

సంగతి చెబితే మా మేనేజరుగారు ఫోన్లో విసుక్కున్నారు. "ఏంటమ్మా, నాలుగు పాత ఇటుకలకి పని ఆపుతావా? రేపు కాంక్రీటు వెయ్యాలి. తీయించి పక్కన పడేయించు."

"తీసేస్తే మళ్లీ అలా పేర్చలేమండీ. పురావస్తు శాఖకి ఫోన్ చేశాను, వస్తున్నారు."

నిజానికి అప్పటికింకా చెయ్యలేదు. ఆయన ఫోన్ పెట్టేసిన మరుక్షణం చేశాను. ఈలోగా డ్రైవరు టిప్పర్లు రాకుండా పొక్లెయిన్‌ను దారికి అడ్డంగా పెట్టేశాడు.

మధ్యాహ్నం పురావస్తు అధికారి వచ్చారు. రిటైరుమెంటుకు దగ్గరపడ్డ మనిషి, ఇస్త్రీ బట్టలతోనే గుంటలో చతికిలబడి బ్రష్షు తీశారు. ఒక్కో ఇటుకా తుడుస్తూ పోయారు.

"స్తూపం పునాదేనమ్మా. రెండు వేల ఏళ్ల నాటిది కావచ్చు. ఇదిగో, ఇది చూడు."

ఒక ఇటుక మీద కుక్క కాలి ముద్ర. పచ్చి ఇటుకలు ఆరబెట్టినప్పుడు తొక్కుకుంటూ పోయిందట! నాకు ఒళ్లు పులకరించింది.

మర్నాడు మేనేజరుగారు కోపంగానే వచ్చారు. ఆ ముద్ర చూసి గొంతుక్కూర్చున్నారు. దాన్ని వేలితో తడిమి, "డ్రాయింగు పట్టుకురా. కల్వర్టు ఎంత జరపాలో చూద్దాం," అన్నారు.

అనుమతులకీ కొత్త డిజైనుకీ నెలలు పట్టాయి. కల్వర్టు జరిగింది, రోడ్డు కొంచెం వంగింది, ఇటుకల చుట్టూ కంచె పడింది. తవ్వకంలో వలయం మొత్తం బయటపడ్డ రోజున అధికారీ నేనూ టేపు పట్టి కొలిచాం. మా రోడ్డు కంటే వెడల్పుగా వచ్చింది! పట్టలేక కేక వేశాను. కోప్పడతారేమో అనుకుంటే, ఆయన నాకంటే గట్టిగా నవ్వారు.